నా రక్తం విమానంలో, నేను బందరు బస్సులో

గుణదల యాత్ర గురించి గుడి పత్రికకు నాలుగు పేజీలు రాసిమ్మని మా ఫాదర్ గారు అడిగారు. కొండ మెట్లు, కొవ్వొత్తులు, చివర్లో ఒక సాక్ష్యం ఉంటే చాలన్నారు. మెట్లూ ఉన్నాయి, కొవ్వొత్తులూ ఉన్నాయి. సాక్ష్యం మాత్రం ఆయన అనుకున్న రకం కాదు. చదివాక అచ్చు వేస్తారో, మడిచి బీరువాలో పెట్టుకుంటారో ఆయన ఇష్టం.

ముందే చెప్పేస్తున్నాను. నేను వెళ్ళింది మొక్కు తీర్చుకోవడానికి కాదు, విజయవాడలో రక్తం ఇవ్వడానికి. పాపం, మాతను అడ్డం పెట్టుకున్నాను.

రెండు ఎడమ చేతులు

కర్నూలులో ముప్పయ్యేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఒకసారి కొలత తీసుకున్న మనిషికి మళ్ళీ టేపు పట్టాల్సిన పని ఉండేది కాదు. అట్లాంటిది మొన్న వేసవిలో ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. తర్వాతి నెలలో టీచరమ్మ జాకెట్టు తీసుకెళ్ళి బ్యాంకు అమ్మాయికి ఇచ్చాను. టీచరమ్మలో ఆ అమ్మాయిలు ఇద్దరు పడతారు. వాళ్ళు నవ్వుకుని మార్చుకున్నారు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా అమ్మ కూడా ఇట్లాగే మొదలుపెట్టింది. ముందు తాళంచెవులు మరిచిపోయింది, తర్వాత మనవళ్ళ పేర్లు, చివరికి నన్ను. నా చెయ్యి పట్టుకునే, "ఎవరమ్మా నువ్వు? మా కరుణ ఇంకా రాలేదే" అని అడిగేది. ఆఖరి మూడేళ్ళూ అన్నం కలిపి పెట్టింది, వాచిన పాదాలకు నూనె రాసింది, మోకాళ్ళ నొప్పి బిళ్ళలు వేళకు వేసింది నేనే. మా అన్నదమ్ములు ఫోన్లో బాగా బాధపడ్డారు.

నాకిప్పుడు యాభై ఏడు. నెలసరి ఆగిపోయి ఆరేళ్ళయింది. మా కస్టమరు ఒకావిడ ఫోనుకు వీడియో పంపింది. తెల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి నవ్వుతూ, నెలసరి ఆగిన ఆడవాళ్ళకు మతిమరుపు జబ్బు ముప్పు ఎక్కువనీ, మెదడులో టౌ అనే ప్రోటీన్ తేడా చేస్తే దాని జాడ ఎన్నో ఏళ్ళ ముందే రక్తంలో కనిపిస్తుందనీ, ఒక్క పరీక్షతో రేపటి సంగతి ఈరోజే తెలుసుకోవచ్చనీ చెప్పాడు. వీడియో చివర ఫోన్ నంబరూ, పండగ తగ్గింపూ ఉన్నాయి.

నాకు ఒక్కతే కూతురు. ఇప్పుడిప్పుడే కాలేజీలో లెక్చరరుగా చేరింది. నేను అమ్మకు చేసినట్టు అది నాకు చేయకూడదు. ఆ రోజు వస్తుందంటే ముందే తెలుసుకుని ఏదో ఒక ఏర్పాటు చేసుకోవాలి. నాకు కావలసింది అంతే.

కర్నూలులో ల్యాబులు లేవా అంటారా? ఉన్నాయి. మా వీధి చివరి ల్యాబు మా ఆడపడుచు కొడుకుది. అక్కడ సూది గుచ్చి దూది పెట్టేలోపు మా అత్తగారి వైపు వాళ్ళందరికీ నాకు మతిపోయిందని తెలిసిపోతుంది. అందుకని, "గుణదల మాతకు మొక్కు ఉంది" అన్నాను మా ఆయనతో. డాక్టరు దగ్గరికి అంటే వంద ప్రశ్నలు వేసే మనిషి, దేవుడి దగ్గరికనేసరికి సంచి కూడా తెచ్చిచ్చాడు.

విజయవాడ: రాజధాని ఏది?

విజయవాడలో దిగగానే ముందు చెమట పలకరిస్తుంది. నవంబరులో కూడా. మా ఊళ్ళో ఎండ కాల్చి వదిలేస్తుంది, ఇక్కడి ఉక్క ఒంటికి అంటుకుని మనతో పాటే ఆటో ఎక్కుతుంది. స్టేషనుకు షంషాద్ వచ్చింది. గుంటూరులో కుట్టు డిప్లొమా చదివేటప్పుడు నాదీ తనదీ హాస్టల్లో ఒకే గది. ఇప్పుడు వన్‌టౌన్‌లో లైనింగు గుడ్డలు, లేసులు హోల్‌సేలుగా అమ్ముతుంది. నా రహస్యం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

"పరగడుపున రావాలన్నారా? అయితే ముందు రక్తం ఇచ్చేయ్. ఇక్కడి ఇడ్లీ తిన్నాక నీకు ఏ జబ్బూ గుర్తుండదు," అంది.

ల్యాబు పేరు చెప్పను. సినిమా హాలంత చల్లగా ఉంది, రిసెప్షన్లో ఏనుగంత పూలకుండీ ఉంది. నా ప్యాకేజీకి యాభై ప్లస్ మహిళా ప్యాకేజీ అని పేరు. ఎనభై జాకెట్ల కుట్టుకూలి అయింది. జోడీగా వస్తే తగ్గింపు ఉందని కౌంటరు అమ్మాయి షంషాద్‌ని కూడా లాగబోయింది.

"నాకొద్దులేమ్మా. గుర్తున్నవే నాకు ఎక్కువయ్యాయి," అంది షంషాద్.

రక్తం నాలుగు గొట్టాల్లో తీశారు. ఒక గొట్టాన్ని ఐసు డబ్బాలో పెట్టి ఢిల్లీ పంపుతారట, విమానంలో. నేను పుట్టి ఇన్నేళ్ళయినా విమానం మెట్టు ఎక్కలేదు. నా రక్తానికి ఆ యోగం పట్టింది.

తర్వాత ఒక చిన్న గదిలో జ్ఞాపకశక్తి పరీక్ష. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, పేరు లావణ్య, చేతిలో అట్ట.

"ఆంటీ, మనం ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నామండి?"

"కృష్ణా జిల్లా."

ఆ అమ్మాయి జాలిగా చూసి తప్పు గుర్తు పెట్టింది. జిల్లాలు విడగొట్టి విజయవాడ ఉన్న జిల్లాకు కొత్త పేరు పెట్టారని, కృష్ణా జిల్లా ఇప్పుడు బందరు వైపు జరిగిపోయిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. తలుపు దగ్గర నిలబడిన షంషాద్, "అయ్యో, నేనూ కృష్ణా జిల్లా అనే రాస్తున్నానే బిల్లుల మీద," అంది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి.

"మన రాష్ట్ర రాజధాని ఏదండి?"

నేను ఆలోచనలో పడ్డాను. ఈ పదేళ్ళలో ఆ ప్రశ్నకు ఎన్ని జవాబులు విన్నానో లెక్కపెట్టుకుంటున్నాను. కొంతకాలం మా కర్నూలు పేరు కూడా వినబడింది.

"పర్లేదండి ఆంటీ, ఆ ప్రశ్నకి ఎవరేం చెప్పినా మార్కు వేసేస్తున్నాం," అంది లావణ్య.

వందలోంచి ఏడు తీసుకుంటూ పొమ్మంటే గడగడా చెప్పాను. గుడ్డ కత్తిరించే మనిషికి అదొక లెక్కా? చివర్లో, గుర్తుపెట్టుకోమని మొదట్లో చెప్పిన మూడు మాటలు అడిగింది. కుర్చీ, మామిడి వచ్చాయి. మూడోది రాలేదు. "నది" అట. పక్కనే ఇంత కృష్ణానది పెట్టుకుని నది గుర్తురాలేదు. ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. ఆ రాతను ఎదుటి నుంచి తలకిందులుగా చదవడానికి చాలా ప్రయత్నించాను.

ఇడ్లీ సంగతి షంషాద్ చెప్పింది నిజమే. నెయ్యి, కారప్పొడి, అల్లం చట్నీ. ప్లేటు యాభై రూపాయలు. మా కర్నూలు ఉగ్గాని, బజ్జీ ముందు ఏదీ నిలవదని వాదించే మనిషిని, ఆ పూటకు నోరు మూసుకున్నాను. రిపోర్టు మూడు రోజులకు వస్తుందన్నారు.

గుణదల: అబద్ధానికి ప్రాయశ్చిత్తం

అబద్ధమాడి వచ్చాం కాబట్టి కనీసం అందులో సగమైనా నిజం చేద్దామని మర్నాడు గుణదల వెళ్ళాం. ఫిబ్రవరి తిరునాళ్ళకు ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ రోజు మేమూ, తలనీలాలిచ్చి గుండుతో మెరిసిపోతున్న ఒక కుటుంబమూ, అయ్యప్ప మాల వేసుకున్న ఇద్దరు స్వాములూ ఉన్నాం. మా ఊరి గుళ్ళో కొబ్బరికాయ కొడితే ఫాదర్ గారు మూర్ఛపోతారు. ఇక్కడ కొట్టడానికి వేరే చోటే ఉంది.

మెట్లు చూడగానే నా మోకాళ్ళు మొరాయించాయి. పర్సులోంచి కాగితం పొట్లం తీసి, అందులో ఉన్న మూడు బిళ్ళలూ నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను. ఒకటి తెలుపు, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. మా వీధి మందుల షాపు రమణయ్య కట్టి ఇచ్చే పొట్లాలవి. మిషను తొక్కే కాళ్ళకు అవి లేకపోతే పొద్దు గడవదు. పావుగంటలో మెట్లెక్కేశాను.

కొవ్వొత్తులమ్మే ఆవిడ షంషాద్‌ని చూసి, "ఈ ఏడు తిరునాళ్ళకి మాతకి లేసులు పట్టుకురాలేదేంటి మేడమ్?" అని అడిగింది. మా మాత దగ్గర నాకంటే షంషాద్‌కే పలుకుబడి ఎక్కువని అర్థమైంది. తన కొడుకు ఇంటరు గట్టెక్కాలని షంషాద్ ఇక్కడ మొక్కుకుందట, గట్టెక్కాడట.

నేను మోకరించి ఉన్నమాట చెప్పాను. అమ్మా, నీ పేరు చెప్పి వచ్చాను గానీ నీకోసం రాలేదు, నాకు భయంగా ఉంది, మా అమ్మలాగా అయిపోతానని భయంగా ఉంది అన్నాను. ఏడుపొచ్చింది. పక్కన గుండు చేయించుకున్న పిల్లవాడు నన్ను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కున్నాడు.

కొండపల్లి: అందరికీ ఒకే ముఖం

ఆ మధ్యాహ్నమే కొండపల్లి వెళ్ళాం. బొమ్మల ఊరని చదువుకున్నాం గానీ ముందు కనబడేది కరెంటు కేంద్రం పొగగొట్టాలు. బొమ్మల వీధిలో ఒక వసారాలో సరోజనమ్మ అనే ఆవిడ నేలమీద కూర్చుని రంగులు వేస్తోంది. అరవై దాటి ఉంటాయి. తెల్లపొణికి కర్ర చెక్కేది వాళ్ళాయన, అతుకులకు చింతగింజల పిండితో ముద్ద నూరేదీ, రంగు వేసేదీ ఈవిడ.

వరసగా పెట్టిన బొమ్మల్లో కృష్ణుడికీ, గీత కార్మికుడికీ, రోకలి పట్టుకున్న ఆడమనిషికీ ఒకే ముఖం ఉంది. ఆ మాటే అడిగాను.

"అందరూ ఒకటే కదండీ. కళ్ళు దిద్దే లోపల ఎవరు ఎవరో నేను మాత్రం ఏం చెప్పగలను?" అంది.

రోకలి బొమ్మ మూడొందలంటే రెండొందల యాభైకి బేరమాడాను. బేరం కుదిరాక ఆవిడ లేవబోయి, నడుం పట్టుకుని మళ్ళీ కూర్చుంది. బొడ్లోంచి ఒక కాగితం పొట్లం తీసింది. తెలుపు, పసుపు, ఎరుపు.

నాకు మేనత్త కూతురు కనబడినంత సంతోషమైంది. "నావీ ఇవేనండీ," అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదిహేనేళ్ళు దాటింది."

"నేను ఇరవై. ఇవి కనిపెట్టినోడు చల్లగా ఉండాలి," అంది సరోజనమ్మ. నా పొట్లాలు అయిపోవచ్చాయని తెలిసి తన వాటిలోంచి రెండు పొట్లాలు తీసి చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. కర్నూలు మందు, కొండపల్లి మందు అచ్చం ఒకే రంగులో ఉన్నాయని మేం ముగ్గురం కాసేపు ఆశ్చర్యపోయాం. వాటి పేర్లేమిటని అడగాలని ఎవరికీ తోచలేదు.

బందరు: నా జవాబు సరైన చోట

మూడో రోజు షంషాద్ ఇంట్లో కూర్చుంటే ఢిల్లీలో నా రక్తం ఏం చేస్తోందోనన్న ఆలోచన తప్ప మరొకటి రావడం లేదు. "పద, బందరు పోదాం," అని షంషాద్ కొట్టు మూసేసింది. రక్తం విమానమెక్కిందని నేను కుళ్ళుకుంటే, నాకు బందరు బస్సు ఎక్కించింది.

దారి పొడవునా కాలువ, కాలువ పక్కన వరి. కోతకొచ్చి పచ్చగా పసుపుగా వంగి ఉంది. మా వైపు బోరు వేయించి నీళ్ళు పడితే కొబ్బరికాయ కొట్టి ఊరంతా చూడ్డానికి వస్తారు. ఇక్కడ నీళ్ళు రోడ్డు పక్కనే ఊరికే పోతుంటే ఒక్కరూ తల తిప్పి చూడరు. పామర్రు దగ్గర ఎక్కిన ఒక పెద్దాయన, "ఈ ఏడు కాలవ ఆలస్యంగా వదిలారండి, నీళ్ళకి చచ్చిపోయాం," అని నాతోనే మొరపెట్టుకున్నాడు. కర్నూలు మనిషినని చెప్పాక కొంచెం సిగ్గుపడ్డాడు.

బందరులో దిగి పెద్ద పెద్ద అక్షరాల్లో కృష్ణా జిల్లా అని రాసి ఉన్న ఆఫీసు బోర్డు ముందు ఫోటో తీయించుకున్నాను. లావణ్యకు చూపించాలని. లడ్డూ తిన్నాను, హల్వా తిన్నాను. లడ్డూలో నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారింది. మంగినపూడి దగ్గర సముద్రంలో మోకాలి లోతున నిలబడితే అల వచ్చి నా ఎడమ చెప్పు పట్టుకుపోయింది. కుడి చెప్పు నాకే వదిలేసింది.

"చెప్పులు వేసుకుని నీళ్ళలో దిగుతారే ఎవరైనా? విడవడం మర్చిపోయావా?" అంది షంషాద్ నవ్వుతూ. అనేసి వెంటనే నా ముఖం చూసి నాలుక కరుచుకుంది.

మళ్ళీ విజయవాడ: మూడో పేజీ

రిపోర్టు నున్నటి కాగితం మీద, పెళ్ళి శుభలేఖ లాంటి కవర్లో ఇచ్చారు. మొదటి పేజీలో టౌ సంఖ్య ఎర్ర అక్షరాల్లో ఉంది. పక్కన పైకి చూసే బాణం. కింద నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మ, "ముందే తెలిస్తే ముందే జాగ్రత్త" అన్న మాట.

తెలిసింది. కుర్చీలో కూర్చుండిపోయాను. మా అమ్మాయికి ఫోన్ చేద్దామనుకుని, ఏం చెప్పాలో తెలియక ఫోను పర్సులో పెట్టేశాను. షంషాద్ నన్ను లేవదీసి, తనకు తెలిసిన నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నడివయసు మనిషి, మాట కటువు.

"ఈ పరీక్ష మిమ్మల్ని ఎవరు చేయించుకోమన్నారండి?"

"వీడియోలో..."

"ఊఁ. దీన్ని ఇట్లా ప్యాకేజీలు కట్టి అమ్మేది కాదు. లక్షణాలున్న మనిషిని చూశాక, మిగతా పరీక్షలతో కలిపి చదవాల్సింది. మీకు మిగతావి ఎవరైనా చదివి చెప్పారా?" అంటూ పేజీలు తిప్పింది. మూడో పేజీ దగ్గర ఆగింది. ఆ పేజీ నేనూ షంషాద్ కూడా తిప్పనే లేదు. ఎర్ర బాణం మొదటి పేజీలోనే దొరికాక ఇంకెందుకు తిప్పుతాం?

"నొప్పుల మాత్రలు ఏమైనా వాడుతున్నారా?"

పర్సులోంచి సరోజనమ్మ ఇచ్చిన పొట్లం తీసి టేబుల్ మీద పెట్టాను. కొంచెం గర్వంగానే పెట్టాను, ఇవైతే తప్పకుండా వాడతానన్నట్టు. డాక్టరమ్మ ఆ మూడు రంగుల వంక చాలాసేపు చూసింది.

"రోజూనా?"

"రెండు పూటలా."

"మీ కిడ్నీలు దెబ్బతిన్నాయండి. సగానికి పైగా. కిడ్నీలు సరిగా వడకట్టకపోతే ఈ టౌ రక్తంలో పేరుకుని సంఖ్య ఎక్కువ కనిపిస్తుంది. అంచేత ఈ ఎర్ర బాణాన్ని నేను ఇప్పుడు చదవలేను. మీ మెదడు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇవి ఆపండి, రేపే కిడ్నీ డాక్టరుని కలవండి."

"అయితే నాకు మా అమ్మ జబ్బు లేదా?"

"ఉందనీ అనలేను, లేదనీ అనలేను. కిడ్నీలు పాడైనా మతి మందగిస్తుంది, తికమక పడతారు, కాళ్ళు వాస్తాయి. మీకు కాళ్ళ వాపులున్నాయా?"

"లేవండీ. మా అమ్మకుండేవి," అన్నాను.

డాక్టరమ్మ తలెత్తి నా వంక చూసింది. ఏదో అడగబోయి, మానుకుని మందుల చీటీ రాయడం మొదలుపెట్టింది.

నేనదేం పట్టించుకోలేదు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగా ఉంది. కిడ్నీలు సగం పోయాయని చెబితే సంతోషించిన మనిషిని ఆ డాక్టరమ్మ మొదటిసారి చూసి ఉంటుంది. బయటికొచ్చి షంషాద్‌కి చెరుకు రసం ఇప్పించాను. సరోజనమ్మకు ఈ కబురు చెప్పాలన్నాను. షంషాద్ తర్వాత వెళ్ళి చెప్పింది కూడా. "కావాలంటే ఆవిడ బిళ్ళలు ఆవిణ్ణి పారేసుకోమనండి. నాకు సంక్రాంతి ఆర్డర్లున్నాయి," అందట.

తిరుగు రైలు

గుంటూరు దాటాక ఎదుటి సీట్లో ఒక ముసలావిడ కాళ్ళు చాపుకుంది. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతుందని నాకు చూడగానే తెలుసు. మా అమ్మవీ అట్లాగే పడేవి. నూనె రాస్తూ ఆ గుంట నిండటానికి ఎంతసేపు పడుతుందో చూసేదాన్ని.

నంద్యాల వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. డాక్టరమ్మ అడగబోయి మానుకున్నదేమిటో గిద్దలూరు దగ్గరే నాకు తెలిసిపోయింది. కాదులే, అమ్మ బిళ్ళలు వేరై ఉంటాయి అనుకున్నాను. ఏ రంగువో గుర్తు తెచ్చుకోకూడదని చాలా కష్టపడ్డాను.

కర్నూలు: రమణయ్య షాపు

ఇంటికి వెళ్ళి మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన అరవలేదు. కిడ్నీ డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానన్నాడు. మా అమ్మాయి ఫోన్లో అరిచింది, అది వేరే సంగతి.

సాయంత్రం రమణయ్య షాపుకు వెళ్ళాను. నన్ను చూడగానే, నేను నోరు తెరవకముందే, కత్తిరించిన కాగితం ముక్కలు వరసగా పరిచి బిళ్ళలు వేయడం మొదలుపెట్టాడు.

"వద్దు రమణయ్యా. వీటి పేర్లు రాసియ్యి."

"పేర్లేంటికక్కా ఇప్పుడు? ఇన్నేళ్ళు వాడితివి."

"డాక్టరు అడిగింది. మా అమ్మకు ఇచ్చినవి కూడా రాసియ్యి."

రమణయ్య నవ్వాడు. మంచివాడు, అమ్మ పోయినప్పుడు షాపు మూసుకుని వచ్చాడు.

"రెండూ ఒకటే గదక్కా. ఇవే. అమ్మకు మూడు పూటలా, నీకు రెండు పూటలా. నువ్వే గదా నెలనెలా వచ్చి పట్టుకపోయేది. ఒక్క పూట తప్పనిచ్చినావా? ఈ కాలంలో తల్లిని అట్ల చూసుకునేవాళ్ళు ఎవరుండారు?"

లేదు, ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. ఆమె తలతిప్పుకుంటే గడ్డం పట్టుకుని మరీ వేసేదాన్ని. అది నాకు బాగా గుర్తుంది.